ఇరవై మందితో చాలు: పోస్టులో క్విల్టింగ్ గుడ్డల మార్పిడి

మీరడిగింది ఇది. క్విల్టింగ్‌కి, అంటే ముక్కలు కలిపి బొంతలు కుట్టుకోవడానికి, ఐదంగుళాల చదరపు నూలు గుడ్డ ముక్కలతో పోస్టు ద్వారా స్వాప్, అంటే మార్పిడి, పెడదామనుకుంటున్నారు. ఇప్పటికే ముప్పై మంది పేర్లిచ్చారు, వాళ్లలో నలుగురు వేరే దేశాల్లో ఉన్నారు. ఒక్కొక్కరు ఎన్ని ముక్కలు పంపాలి, తిరుగు పోస్టు ఖర్చు ఎవరిది, ఎవరైనా పంపకుండా ఊరుకుంటే ఏం చెయ్యాలి అని మీ ప్రశ్న. పదకొండేళ్లుగా ఏడాదికి రెండు చొప్పున ఇలాంటివి నడుపుతున్నాను కాబట్టి తెలిసినదంతా రాస్తాను. కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదవండి.

ముందు ఆ ముప్పైని ఇరవై చెయ్యండి, మీతో కలిపి. మిగతా పదిమందికి తర్వాతి విడతలో మొదటి చోటు ఇస్తానని చెప్పండి, ఎవరూ నొచ్చుకోరు. ఇరవై అనడానికి కారణం గుడ్డలోనే ఉంది. క్విల్టింగ్ నూలు గుడ్డ పన్నా మామూలుగా 42 నుంచి 44 అంగుళాలు. రెండు పక్కలా గట్టిగా నేసిన అంచు తీసేస్తే 40 పైచిలుకు మిగులుతుంది. ఐదంగుళాల పట్టీ కోస్తే అందులో 8 ముక్కలు వస్తాయి. అర గజం అంటే 18 అంగుళాలు, అంటే మూడు పట్టీలు, 24 ముక్కలు. వంకర సరిచేసుకోవడానికి ఇంకో మూడంగుళాలు చేతిలో ఉంటుంది. ఇరవై మందికి తలా ఒకటి పోగా నాలుగు మిగులుతాయి: రెండు అదనపు కట్టలకి, రెండు కోతలో చెడిపోతే సర్దుకోవడానికి. అదే ముప్పై మందైతే నాలుగో పట్టీ కావాలి. అర గజం చాలదు, అర మీటరు కొన్నా అంగుళంలో మూడో వంతు తక్కువ పడుతుంది. ప్రతివాళ్లూ ప్రతి డిజైనుకీ, అంటే ప్రతి రకం గుడ్డకీ, ఎక్కువ కొని మిగిలింది పారేసుకోవాలి. ముక్కలు ఇరవై నాలుగు దాటితే ఈ లెక్క చెడిపోతుందని గుర్తుపెట్టుకోండి. ఫ్యాట్ క్వార్టర్ కొంటే సరిపోతుందా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 18కి 22 అంగుళాల ఆ ముక్కలో 12 మాత్రమే వస్తాయి, కాబట్టి ఒక డిజైనుకి రెండు కొనాల్సి వస్తుంది. అది ముందే చెప్పండి.

ఒక్కొక్కరు ఐదు డిజైన్లు ఎంచుకోవాలి. ఒక్కో డిజైనుకి 22 ముక్కలు, మొత్తం 110. అందరూ మీకే పంపుతారు, మీ బల్ల మీదికి 2,200 ముక్కలు చేరతాయి, వాటిని మీరు తిరిగి పంచుతారు. ఇరవై మందికీ తలా వంద ముక్కలు, వందా వంద రకాలు. పదికి పది చొప్పున కుట్టుకుంటే, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది గనుక ఒక్కో ముక్క నాలుగున్నర అంగుళాలుగా తేలి, 45 అంగుళాల చదరం వస్తుంది. చుట్టూ బోర్డరు వేసుకుంటే పసిపిల్లల దుప్పటి అయిపోతుంది. ఆ అదనపు రెండేసి ముక్కలతో రెండు పూర్తి కట్టలు మీ దగ్గర ఉంటాయి. అవి ఎందుకో కింద చెబుతాను. నేను నడిపిన స్వాపుల్లో గట్టెక్కించినవి ఎక్కువసార్లు ఆ రెండు కట్టలే.

ఒక డిజైను ఒక్కసారే కనబడే ఇలాంటి దుప్పట్లని చార్మ్ క్విల్ట్ అంటారు. 1870ల తర్వాత అమెరికాలో ఇవి బాగా ఆడాయి, ఆడపిల్లలు తెలిసినవాళ్లని అడిగీ ఉత్తరాల్లో తెప్పించుకునీ రకానికో ముక్క పోగేసేవాళ్లు. పోస్టులో గుడ్డముక్కలు తిరగడం ఇవాళ పుట్టింది కాదని చెప్పడానికే ఈ మాట. అప్పట్లో అట్టముక్కని అచ్చుగా పెట్టుకుని కత్తెరతో ఒక్కొక్కటీ కోసేవాళ్లు. 1979లో జపాన్‌లోని ఓల్ఫా కంపెనీ రోటరీ కట్టర్, అంటే చక్రంలా దొర్లుతూ కోసే గుండ్రటి బ్లేడు, తెచ్చాక గానీ పొరలు పెట్టి ఒకేసారి కొయ్యడం ఇంత తేలిక కాలేదు. ఆ తేలికతోనే ఒక చిక్కు కూడా వచ్చింది. నాలుగు పొరలకు మించి పెడితే కింది పొర జరుగుతుంది, పై ముక్క ఐదంగుళాలు ఉంటే అడుగుది తక్కువ తేలుతుంది. నాలుగు పొరలు, కొత్త బ్లేడు. మీ నియమాల్లో ఈ రెండు మాటలూ ఉండాలి.

కొలత గురించి ఇంకాస్త చెప్పాలి. ఎనిమిదో వంతు అంగుళమే కదా తగ్గింది అని కోసినవాళ్లకి అనిపిస్తుంది. అలాంటి ముక్క వరసలో ఒక్కటి పడితే పక్క వరసతో మూలలు కలవవు. లాగి కుడితే చుట్టుపక్కల ముడతలు పడతాయి. పదీ అలాంటివే పడితే ఆ వరస అంగుళంపావు పొట్టిది. అందుకే కోసిన రోజునే ప్రతి డిజైను నుంచి ఒక ముక్కని స్కేలు కింద పెట్టి, అంకెలు కనబడేలా ఫొటో తీసి పంపమంటాను. గీతకి గీత కలిసిందా లేదా ఫొటోలోనే తెలిసిపోతుంది. చాలామంది స్కేలు గీత బయటి అంచుకి కోస్తారు, కొందరు లోపలి అంచుకి కోస్తారు. గీత కూడా ముక్కలోకే రావాలని నేను రాసిపెడతాను. జిగ్‌జాగ్ కత్తెరతో కోసిన ముక్కలొస్తే కొలత పళ్ల మొన నుంచా, లోపలి గుంట నుంచా అన్న వాదన వస్తుంది, అందుకని నా స్వాపుల్లో తిన్నని అంచే. ఇంకొకటి, ముక్క అంచులు పడుగు పేకల వెంటే ఉండాలి. డిజైను అందంగా కనబడుతుందని ఐమూలగా కోసిన ముక్క చేతిలో పట్టుకుంటేనే సాగిపోతుంది, కుట్టేటప్పుడు దాన్ని నిలబెట్టడం కష్టం.

గుడ్డ ఎలాంటిది ఉండాలో కూడా విడమరిచి రాయండి. నూటికి నూరు పాళ్లు నూలు, సాదా నేత, చదరపు మీటరుకి 140 నుంచి 150 గ్రాముల మధ్య బరువు. "మంచి గుడ్డ పంపండి" అని రాస్తే ఎవరి మంచి వాళ్లది. దుప్పటి గుడ్డ, చొక్కా గుడ్డ, సాగే నిట్ గుడ్డ అన్నీ వస్తాయి. వాడేసిన బట్టల్లోంచి కోసిన ముక్కల మీద నాకు ప్రేమ ఉంది, నా సొంత బొంతల్లో అవే ఎక్కువ. కానీ స్వాపులో వద్దు. మోచేతి దగ్గర పలచబడిన చొక్కా ముక్క పక్కన కొత్త గుడ్డ కుడితే, కొన్ని ఉతుకుల తర్వాత పాతదే ముందు చీలుతుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే పోగుల మధ్య సందులు కనబడే గుడ్డ ఏదైనా పనికిరాదని ఒక్క వాక్యం రాయండి, అందరికీ అర్థమవుతుంది. పాలిస్టర్ కలిసిందేమో అని అనుమానమొస్తే ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలు కాగితం కాలిన వాసన వేసి మెత్తటి బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అంటుకుంటుంది.

ఉతికిన గుడ్డా, ఉతకనిదా? ఏదో ఒకటి నిర్ణయించండి, రెండూ కలవనివ్వకండి. ఉతకని ముక్క మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, ముందే ఉతికింది అంతగా కుంచించుకోదు, రెండూ పక్కపక్కన ఉంటే ఆ కుట్టు దగ్గర గుడ్డ పోగుపడుతుంది. నేను ఉతకనిదే అడుగుతాను. ఐదంగుళాల ముక్కని అందుకున్నవాళ్లు ఉతుక్కోలేరు, అంచులు పీచు పీచైపోతాయి. గంజితో ఉన్న కొత్త గుడ్డ బిగువుగా ఉండి కోత కూడా శుభ్రంగా వస్తుంది. కానీ ఉతకనిది అడిగితే ఒక బాధ్యత మీ మీద పడుతుంది. అది రంగు సంగతి.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. నా మూడో స్వాపులో ముదురు మెరూన్ మీద చిన్న చిన్న తెల్ల పూల డిజైను ఒకటొచ్చింది. బల్ల మీద అన్నిటికన్నా అందంగా ఉన్నది అదే. పరీక్ష చెయ్యకుండా పంచేశాను. ఏడాది తిరక్కుండా ఒకావిడ దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. మనవరాలి కోసం కుట్టిన దుప్పటి, మీగడ రంగు బోర్డరు, మొదటి ఉతుకు. మెరూన్ ముక్క చుట్టూ నాలుగు తెల్ల ముక్కలూ గులాబీ రంగులోకి తిరిగాయి, బోర్డరు మీద అరచేయంత మరక. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మిగతావాళ్లకి చెప్పండి, ఇంకా కుట్టి ఉండకపోతే ఆ ముక్క తీసేసుకుంటారు" అని మాత్రం రాశారు. ఆ రాత్రే అందరికీ విడివిడిగా రాశాను. అప్పటికే నలుగురు కుట్టేశారు.

అప్పట్నుంచి ముదురు ఎరుపు, మెరూన్, నీలిమందు రంగు, ఊదా, నలుపు ఏదొచ్చినా నేనే పరీక్ష చేస్తాను. తెల్ల నూలు గుడ్డ తడిపి, పిండి, ఆ ముక్క మీద పరిచి, వేడి ఇస్త్రీపెట్టె అర నిమిషం అదిమి పెడతాను. తెల్లగుడ్డ మీద రంగు కనబడితే ఆ డిజైను బయటికి వెళ్లదు. పొడిగుడ్డతో గట్టిగా రుద్ది కూడా చూస్తాను, కొన్ని రంగులు తడికి నిలబడి రాపిడికి వదిలేస్తాయి. పాల్గొనేవాళ్లు గుడ్డ కొయ్యకముందే ఈ పరీక్ష ఇంట్లో చేసుకోవాలని నియమం పెట్టండి, అయినా మీరు మళ్లీ చెయ్యండి. వంద డిజైన్లలో ముదురు రంగులవి ఇరవై దాకా ఉంటాయి, ఒక మధ్యాహ్నం పని.

ఇప్పుడు డిజైన్ల ఎంపిక. కొత్తగా స్వాప్ పెట్టేవాళ్లు ఎక్కువగా దృష్టి పెట్టనిది ఇక్కడే. "ఏ రంగైనా పరవాలేదు" అని వదిలేస్తే ఏమవుతుందంటే, అందరూ తమకి నచ్చినవి కొంటారు. అందరికీ నచ్చేవి మధ్యస్థంగా, నిండుగా ఉండే రంగులు. వంద ముక్కలు వస్తాయి, వందా బాగుంటాయి, కలిపి కుడితే ఏదీ కనబడదు. లేతదీ ముదురుదీ పక్కపక్కన పడితేనే క్విల్ట్‌లో నమూనా లేచి నిలబడుతుంది. అందుకని ఐదు డిజైన్లలో రెండు లేతవి, రెండు మధ్యస్థం, ఒకటి ముదురు ఉండాలని నేను లెక్క పెడతాను. లేత అంటే తెలుపు, మీగడ రంగు మీద సన్నటి బొమ్మలున్నవి. ఏది లేత ఏది ముదురు అన్నది రంగుని బట్టి పొరబాటు పడే సంగతి, పసుపు ముదురుగా అనిపించి లేతలో పడుతుంది, ఎరుపు దగ్గర కూడా కన్ను మోసపోతుంది. ఐదు గుడ్డలూ వరసగా పరిచి ఫోన్‌లో నలుపు-తెలుపు ఫొటో తీస్తే నిజం బయటపడుతుంది. ఆ ఫొటో కూడా అడగండి. ఒక స్వాపులో నేను ఈ ఫొటో అడగడం మొదలుపెట్టాక పదకొండు మంది తమ ఎంపిక వాళ్లంతట వాళ్లే మార్చుకున్నారు, నేను ఒక్క మాట చెప్పకుండానే.

బొమ్మ సైజు కూడా చూడండి. జానెడు పువ్వులున్న గుడ్డ గజాల్లో అద్భుతంగా ఉంటుంది, ఐదంగుళాల్లో కోస్తే ఒకరికి రేకు, ఒకరికి కాడ, ఒకరికి ఉత్త నేపథ్యం వస్తాయి. ఒకే డిజైను అని పంచుతాం గానీ ఇరవై మందికీ ఇరవై రకాలు అందుతాయి. రెండంగుళాలకు మించిన బొమ్మ వద్దని రాస్తే చాలు. గుడ్డలు కొన్న వెంటనే అందరూ మీకు ఫొటోలు పంపేలా చూసుకోండి. ఇద్దరు ఒకే గుడ్డ కొనడం నేను చాలాసార్లు చూశాను, కొయ్యకముందు తెలిస్తే రెండోవాళ్లు మార్చుకోవచ్చు.

సద్దడం గురించి. ఒక్కో డిజైను 22 ముక్కలూ ఒక దొంతర, మడత పెట్టకుండా. పైనా కిందా ఐదంగుళాల అట్టముక్క పెట్టి సన్నటి కాగితం పట్టీ చుట్టాలి. గుండుసూదులు పెట్టకూడదు, దారిలో తడి తగిలితే తుప్పు మరక పోదు, పైగా కవరు విప్పేటప్పుడు వేళ్లకి గుచ్చుకుంటాయి. స్టేపుల్ పిన్నులూ అంతే. రబ్బరు బ్యాండు గుడ్డ అంచుని వంచేస్తుంది, వేడికి మెత్తబడి అంటుకుంటుంది. ఐదు దొంతర్లూ కలిపి గాలి తీసేసిన జిప్ కవర్లో పెట్టి, లోపలే పేరు రాసిన చీటీ వెయ్యాలి. పైన చిరునామా తడిసి అలుక్కుపోయినా లోపలి చీటీ చూసి గుర్తుపట్టొచ్చు. పొగ వాసన, సెంటు వాసన ఉన్న ఇంట్లోంచి వచ్చే గుడ్డ కొందరికి పడదు, ఆ విషయం ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. పెంపుడు జంతువులున్న ఇంటి సంగతి కూడా అంతే.

గుడ్డ మీద గుర్తులు పెట్టే పెన్నుల గురించి ఒక హెచ్చరిక. ఇస్త్రీ వేడికి చెరిగిపోయే పెన్నులు చాలామంది వాడుతున్నారు. ఆ సిరా 60 డిగ్రీల దగ్గర కనబడకుండా పోతుంది, కానీ సున్నా కన్నా బాగా దిగువ చలి తగిలితే తిరిగొస్తుంది. పార్సిల్ చలి ప్రాంతాల మీదుగా వెళ్తే చెరిగిందనుకున్న గీత మళ్లీ ప్రత్యక్షమవుతుంది. మార్పిడికి కోసే గుడ్డ మీద ఏ గీతా గియ్యకపోవడమే మేలు. పంపినవాళ్ల పేరుతో జ్ఞాపకంగా ఒక ముక్క ఇచ్చిపుచ్చుకోవాలనిపిస్తే, అది వందకి అదనంగా, లేతరంగు సాదా గుడ్డ మీద, పిగ్మెంట్ సిరా పెన్నుతో రాయమనండి. రాశాక పొడి ఇస్త్రీ చేస్తే నిలబడుతుంది. బాల్ పెన్ను సిరా ఉతుకులో పరుచుకుంటుంది. కుట్టులోకి పోయే పావు అంగుళం చుట్టూ వదిలి రాయాలని చెప్పడం మరిచిపోకండి.

పోస్టు ఖర్చు చాలా తేలికైన భాగం. ఈ గుడ్డ ఐదంగుళాల ముక్క ఒకటి సుమారు రెండున్నర గ్రాముల లోపే తూగుతుంది. 110 ముక్కలు పావుకిలో దగ్గర, తిరిగి వెళ్లే వంద 230 గ్రాముల చుట్టుపక్కల. అంటే పంపినదానికన్నా తిరిగొచ్చేది ఎప్పుడూ తేలికే. అందువల్ల పంపేటప్పుడు ఎంత కట్టారో అంతే విలువ స్టాంపులు, తమ చిరునామా రాసిన ఖాళీ కవరూ లోపల పెట్టమనండి. మీ జేబులోంచి ఒక్క పైసా పోకూడదు, పోతే రెండో స్వాప్ పెట్టబుద్ధి కాదు. స్టాంపులు మామూలువే ఉండాలి. పోస్టాఫీసులో తేదీతో ముద్రవేసిన లేబుల్ మామూలుగా ఆ రోజుకే చెల్లుతుంది, నెల తర్వాత అది అక్కరకి రాదు. దొంతర మందం కూడా చూసుకోమనండి. పొర మీద పొర చేరి కవరు ఉబ్బుతుంది, చాలా చోట్ల మందం మారితే రేటూ మారుతుంది, కాబట్టి ఇంట్లో ఊహించకుండా సద్దిన కవరుని తీసుకెళ్లి తూయించాలి. ట్రాకింగ్ నంబరున్న సర్వీసే వాడాలి, రసీదు ఫొటో ఆ రోజే మీకు పంపాలి. ఇందులో సడలింపు ఇవ్వకండి, తర్వాత వచ్చే తగాదాలన్నిటికీ సాక్ష్యం అదే.

వేరే దేశాల్లో ఉన్న ఆ నలుగురి గురించి. మొదటిసారికి వద్దని నా సలహా. వాళ్ల దేశం స్టాంపులు మీ దగ్గర చెల్లవు. తిరుగు తపాలా కోసం, వేరే దేశంలో ఇచ్చి అక్కడి స్టాంపులు తీసుకునే అంతర్జాతీయ రిప్లై కూపన్లని 1906లో రోమ్‌లో జరిగిన తపాలా మహాసభలో ఏర్పాటు చేశారు గానీ, ఇవాళ వాటిని అమ్మని దేశాలు చాలా ఉన్నాయి. సరుకున్న చిన్న ప్యాకెట్టుకి సీఎన్22 అనే కస్టమ్స్ చీటీ అంటించాలి, బరువు రెండు కిలోలు దాటకూడదు. దాని మీద "గుడ్డలు" అని పొడిగా రాస్తే ఆపి విప్పుతారు. "క్విల్టింగ్ కోసం కోసిన కొత్త నూలు గుడ్డ ముక్కలు" అని ముక్కల సంఖ్య, బరువు, కొన్న విలువ నిజంగా ఎంతో అంత రాయాలి. సున్నా విలువ రాయడం, మార్పిడిని బహుమతి అని రాయడం రెండూ చెయ్యొద్దని చెప్పండి. తర్వాత ఎప్పుడైనా వాళ్లని చేర్చుకుంటే ఒక పద్ధతి బాగుంటుంది: ఒకే దేశంలో ఐదారుగురు ఉంటే వాళ్లలో ఒకర్ని మీకు తోడు నిర్వాహకులుగా పెట్టుకోండి. అక్కడివన్నీ వాళ్ల దగ్గర చేరి, లెక్క చూసి, ఒకే పెట్టెలో మీకొస్తాయి, తిరిగి ఒకే పెట్టెలో వెళ్తాయి.

గడువు విషయంలో నా పద్ధతి: పేర్లు ఖాయమయ్యాక గుడ్డ ఎంచుకుని ఫొటో పంపడానికి మూడు వారాలు, కోసి పోస్టు చెయ్యడానికి ఇంకో నాలుగు వారాలు, నాకు చేరడానికి రెండు. గడువంటే పోస్టు చేసే తేదీ అని రాయండి, చేరే తేదీ అని కాదు, చేరడం వాళ్ల చేతుల్లో లేదు కదా. గడువుకి వారం ముందు రసీదు పంపనివాళ్లకి విడిగా ఒక ఉత్తరం రాస్తాను, అందరి ముందూ పేరు ఎత్తను. ఆ ఉత్తరంలో రెండే మాటలుంటాయి: వీలుకాకపోతే ఇప్పుడే చెప్పండి, ఏమీ అనుకోను. సగం మంది అలా చెప్పేస్తారు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోకపోవడమో, పని మీద పడటమో ఏదో ఉంటుంది. మొహమాటంతో చెప్పలేక మౌనంగా ఉండిపోయేవాళ్లే ఎక్కువ, ఎగ్గొట్టాలని చూసేవాళ్లు చాలా అరుదు. నాకు ఇన్నేళ్లలో తగిలింది ఇద్దరో ముగ్గురో.

అన్నిటికన్నా ముఖ్యమైనది, పార్సిళ్లన్నీ మీ దగ్గరికే రావాలి. ఇద్దరిద్దర్ని జతపరిచి ఒకరికొకరు పంపుకోమంటే మీకు పని తక్కువ, నిజమే. కానీ ఒకరు పంపి ఇంకొకరు పంపకపోతే మీ దగ్గర పంచడానికి ఏమీ ఉండదు, మంచి గుడ్డ పంపినవాళ్లకి నాసిరకం వస్తే మీకు తెలియనే తెలియదు. అన్నీ మీ దగ్గర చేరి, గడువు ముగిసి, లెక్క తేలాకే మొదటి కవరు బయటికి వెళ్లాలి. ఒకరిద్దరు తొందరపెడతారు, "నావి చేరిపోయాయి కదా, నా వంతు ముందు పంపెయ్యండి" అని. పంపకండి. ఒక్కరు పంపలేదంటే ఐదు డిజైన్లు తగ్గుతాయి, అందరికీ 95 వస్తాయి. ఈ మాట నియమాల్లో మొదటి పేరాలోనే ఉండాలి: వంద అనేది అందరూ పంపితే వచ్చే అంకె.

పార్సిల్ దారిలో పోతే? రసీదు ఉండి, మీకు చేరలేదని ట్రాకింగ్‌లో తేలితే, పంపినవాళ్లు తమ మాట నిలబెట్టుకున్నట్టే. వాళ్లకి ఆ అదనపు కట్టల్లోంచి ఒకటి ఇవ్వండి. మీరు పంపింది పోతే రెండోది ఇవ్వండి. అందుకే డిజైనుకి రెండేసి అదనంగా తీసుకున్నది. గడువు దాటి పోస్టు చేసిన పార్సిల్ వస్తే, పంపకం అయిపోయాక గనుక అయితే, విప్పకుండా వాళ్ల తిరుగు కవరులోని స్టాంపులతో... అది లోపల ఉంటుంది కాబట్టి కవరు మటుకు విప్పాలి, గుడ్డ కట్ట విప్పకుండా తిప్పి పంపండి. కోపంతో అట్టిపెట్టుకోవడం తగదు, అది వాళ్ల గుడ్డ.

పంపకం రోజు ఎలా ఉంటుందో చెబుతాను. పొద్దున్నే నేల తుడిచి, శుభ్రమైన దుప్పటి పరిచి, ఇరవై తిరుగు కవర్లు నాలుగు వరసల్లో ఐదేసి పెడతాను, పేరు పైకి కనబడేలా. ఒక దొంతర తీసుకుంటాను. ముందు కొలత: దొంతర మొత్తాన్ని ఐదంగుళాల చదరపు స్కేలు కింద పెట్టి నాలుగు అంచులూ వేలితో తడుముతాను, పొట్టిగా ఉన్న ముక్క లోపలికి తగ్గి వేలికి తెలుస్తుంది, పెద్దది బయటికి పొడుచుకొస్తుంది. తర్వాత పేకముక్కలు పంచినట్టు కవరుకొకటి వేసుకుంటూ వెళ్తాను, ఎప్పుడూ ఒకే వరస క్రమంలో. ఇరవయ్యో కవరు దగ్గర చేతిలో సరిగ్గా రెండు మిగలాలి. ఒకటి మిగిలినా మూడు మిగిలినా అక్కడే ఆగి వెతకాలి, "తర్వాత చూద్దాం" అనుకుంటే వంద డిజైన్లయ్యాక ఆ తప్పు దొరకదు. పంచుతూ పంచుతూ అలసట వస్తుంది, పాతిక డిజైన్లకోసారి లేచి తిరగండి. ఆ రోజు ఫోను పక్కన పెట్టెయ్యండి.

అంతా అయ్యాక నేను చేసే చివరి తనిఖీ తూకం. ఇరవై కట్టల్లోనూ ఉన్నవి అవే వంద గుడ్డలు కాబట్టి, కవరు లేకుండా తూస్తే బరువు అన్నిటికీ ఒకటే రావాలి. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. రెండు గ్రాములు తేడా అంటే ఒక ముక్క అటో ఇటో. ఒకసారి ఒక కట్ట ఐదు గ్రాములు తక్కువ తూగింది, పక్కది ఐదు ఎక్కువ. రెండూ విప్పి పరిస్తే రెండు డిజైన్లు ఒక కవరులో జంటగా పడి ఉన్నాయి. లెక్కపెట్టి ఉంటే గంట పట్టేది, త్రాసు మీద పది నిమిషాల్లో తేలింది.

కొలత తప్పిన ముక్కలు వస్తే ఏం చెయ్యాలన్నది ముందే రాసిపెట్టుకోండి. పెద్దవైతే నేనే సరిచేసి కోస్తాను. ఒకటి రెండు చిన్నవైతే అదనపు ముక్కలతో మారుస్తాను. దొంతర మొత్తం చిన్నదైతే ఆ డిజైను తిప్పి పంపి, వాళ్లకి కూడా ఐదు డిజైన్లకి బదులు నాలుగింటి వంతే ఇస్తాను, అంటే ఎనభై. ఇది చెప్పడం కష్టంగా ఉంటుంది, తెలుసు. కొత్తవాళ్లయితే ఫోన్ చేసి, స్కేలు ఎక్కడ జారిందో కలిసి చూస్తాను. తర్వాతి విడతలో వాళ్లవే అన్నిటికన్నా కచ్చితంగా వస్తుంటాయి.

చిరునామాలు మీ ఒక్కరి దగ్గరే ఉండాలి. ఒకరివి ఒకరికి ఇవ్వకండి, "కృతజ్ఞతలు చెప్పుకుంటాం" అని అడిగినా సరే, చిరునామా ఎవరిదో వాళ్లని అడిగి ఒప్పుకుంటేనే ఇవ్వండి. కవర్లన్నీ ఒకే రోజు పోస్టు చేసి ట్రాకింగ్ నంబర్లు ఎవరివి వాళ్లకి పంపండి. అందిన వెంటనే విప్పి, లెక్క చూసుకుని రాయమనండి. ఇరవై జవాబులూ వచ్చేదాకా అదనపు కట్టలు ముట్టుకోకండి. వచ్చాక, ఆ రెండు కట్టలూ మిగిలి ఉంటే, ఒకటి ఆ ఏడాది కొత్తగా క్విల్టింగ్ మొదలుపెట్టిన వాళ్లకి ఇస్తాను, రెండోది ఇరవై పేర్లు చీటీలు వేసి తీస్తాను. తర్వాత చిరునామాల కాగితం చింపేస్తాను. మీ ఇరవై మంది ఖాయమయ్యాక నియమాల చిత్తుప్రతి రాసి పెట్టండి, అందరికీ పంపేముందు ఒకసారి చూసిపెడతాను.